లూర్దులో హోటల్

గురువారం, రాత్రి

శాంతకు విమాన ప్రయాణం వద్దని పొద్దున డాక్టరుగారు తేల్చి చెప్పారు. జబ్బు ఊపిరితిత్తులకూ పాకిందట. ఆటోలో గుణదలలోని ఇంటికి వచ్చేశాం.

జబ్బు నయం కావాలని మొక్కుకునేవాళ్ళు వెళ్ళే మరియమాత క్షేత్రం లూర్దుకు పారిస్ నుంచి తీసుకున్న రైలు టికెట్లు సాయంత్రం రద్దు చేద్దామని ఫోన్ తీశాను. శాంత నా చెయ్యి పట్టుకుంది.

"రద్దు చెయ్యకండి. మీరు వెళ్ళి రండి."

"నువ్వు లేకుండా నేనెందుకు?"

"ఎవరో ఒకరం వెళ్ళి మాతకి కొవ్వొత్తి వెలిగించాలి కదండీ. హోటల్ మాత్రం మార్చండి. నా చక్రాల కుర్చీ తొయ్యాలనేగా మాత గుహ పక్కనే అంత ఖరీదైంది చూశారు? మీ ఒక్కరికీ స్టేషన్ దగ్గరది చాలు, నడవగలరుగా."

కూరగాయలు తెమ్మన్నంత మామూలుగా అంది. నాకు ఒళ్ళు మండింది. ఎవరి మీదో తెలియలేదు. లేచి వరండాలోకి వచ్చేశాను.

టికెట్లు రద్దు చెయ్యలేదు, హోటలూ మార్చలేదు. లోపల దగ్గుతూనే ఉంది. ప్రయాణం వేసవిలో. అప్పటిదాకా ఉంటుందా అని పొద్దున ఆస్పత్రిలో డాక్టరుగారిని అడగబోయి, మందుల చీటీ తీసుకుని లేచాను. నేను మందులు కొనడానికి కిందికి వెళ్ళినప్పుడు తను ఆయన్ని అడిగే ఉంటుంది...