అందరు తిన్నంక తినే మామకు

సిద్దిపేట, మధ్యాహ్నం

మామా,

నీకు చదువు రాదు. బతికున్నా ఈ ఉత్తరం నేనే చదివి వినిపించాల్సొచ్చేది. అయినా రాస్తున్న.

నువ్వు పోయి ఇయ్యాలటికి ఏడాది. ఎనభై ఏండ్లు దాటినా ఇంట్ల అందరు తిన్నంకనే తిన్నవు. గడపకాడ కూసొని, చెయ్యి కడుక్కొని పోయేటోళ్లను ఒక్కొక్కల్ని "కడుపు నిండిందా?" అని అడిగేటోనివి. ఆఖరుకు నేను గంజు గోకి మాడు పెడ్తే, ఇంత మజ్జిగ పోసుకొని తినేటోనివి. నాకు ఒళ్లు మండేది. నీకని సోలెడు బియ్యం ఎక్కువేస్తే, అది గూడ పిల్లలకే వడ్డించమనేటోనివి.

నువ్వు పోయినంక ఆ సోలెడు తగ్గించిన. పోయిన నెల గ్యాస్ పొయ్యి తెచ్చిన్రు, ఇప్పుడు మాడు గూడ పడ్తలేదు.

ఇయ్యాల నీ సంవత్సరీకమని మళ్ల ఆ సోలెడు కలిపి వండిన. స్నానం చేసొచ్చి గంజు మూత తీస్తే, అన్నంల ఒక పక్క గుంట ఉన్నది. ఒక మనిషి తినేంత అన్నం తగ్గింది. మజ్జిగ ముంత మీద మూత లేదు. నీకింకా పెట్టనే లేదు, ఎవ్వరికి వడ్డించలేదు. నంగునూరు నుంచి నీ బిడ్డ ఇంకా బస్సు దిగనే లేదు, నీ కొడుకు పిల్లల్ని తీస్కొని ఆమె కోసం బస్టాండుకు పోయిండు. ఇంట్ల ఉన్నది నేను, మంచంల అత్తమ్మ. ఆమెకు లేవ చాతగాదు.

గంజు, మూత తీస్కపోయి ఆమెకు చూపెట్టిన. జడుసుకుంటదనుకున్న. అత్తమ్మ నిమ్మలంగ మూత పెట్టింది.

"మంచిగైంది. ఇన్నేండ్లకు మీ మామ ముందుగాల తిన్నడు" అన్నది.

నేను గడప దిక్కు చూసిన.

కడుపు నిండిందా, మామా?