హార్బరు హోటల్లో నీ శాక్సఫోన్

బావా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది నిండింది. నువ్వు పనిచేసిన హార్బరు దగ్గరి హోటలుకి అక్కను తీసుకెళ్లాను. మీ బ్యాండు నలుగురూ వాయించిన జాజ్ టేపు ఇప్పుడు అక్కడ రోజూ వేస్తున్నారని విని, తనే వెళదామంది.

నిజంగానే వేశారు. డ్రమ్ము మీద బ్రష్షు చప్పుడు, పియానో, వాటి వెనక మెల్లగా నీ శాక్సఫోన్. మధ్యలో నువ్వు ఊపిరి పీల్చుకోవడం కూడా వినిపించింది. అక్క కాఫీ ముట్టలేదు.

యజమాని మా బల్ల దగ్గరికొచ్చాడు.

"బొంబాయి బ్యాండండి. షిప్పుల్లో వచ్చే దొరలు కూడా మెచ్చుకుంటన్నారు."

"ఇదేటి వాయింపు, సావింట్లో కూకున్నట్టుంది" అని నిన్ను పనిలోంచి తీసేసింది ఈయనే. ఆ తర్వాత నువ్వు గుండెనొప్పితోనే కంచరపాలెం పెళ్లి ఊరేగింపుల్లో సినిమా పాటలు ఊదావు. ఊదుతూనే కూలిపోయావు.

"బొంబాయి కాదు బాబూ, మనూరే. ఆ ఊదినోడు మా ఆయన," అంది అక్క.

 ఆయన వెంటనే కౌంటరు వైపు తిరిగి, "ఒరే, ఆ టేపు తీసీసి ఇంకోటి ఎయ్యండ్రా," అన్నాడు.

నువ్వైతే నవ్వి ఊరుకునేవాడివి. నాకు నవ్వు రావడం లేదు బావా.