మూడో ప్రతి

పాడర్‌బోర్న్,
మార్చి 3, మంగళవారం.

ప్రియమైన జితూ,

ఇద్దరం జర్మనీలోనే ఉండి ఉత్తరం ఏమిటని నవ్వుకోకు. ఫోన్లో అయితే నా మాట సగంలో ఉండగానే నువ్వు "సరే సరే, చూద్దాం తియ్యి" అంటావు, నేను అక్కడికే ఆగిపోతాను. కాగితం మీద నువ్వు అడ్డు రాలేవు. చివరిదాకా చదువు.

నిన్న నువ్వన్న మాటలు ఇంకా చెవిలోనే ఉన్నాయి. "ఇల్లు దొరికింది ఆండాళ్! రెండు రూములు, బాల్కనీ, మా ఆఫీసుకు పది నిమిషాలు. నీ రూముకు క్యూండిగుంగ్ పంపియ్యి. ఇక్కడి ఓనరుకు నా పేరు మీద ఒక లెటర్ కొట్టు. నీకెంతసేపు, రెండు నిమిషాల పని!" ఇక్కడ గది ఖాళీ చేస్తున్నానని క్యూండిగుంగ్ రాయాల్సింది నేనే, అక్కడ వోల్ఫ్స్‌బర్గ్‌లో ఇల్లు తీసుకుంటున్నామని రాయాల్సిందీ నేనే. నా ఉద్యోగం ఏమవుతుందని నువ్వు అడగలేదు. నేనూ చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను. మా ప్రాజెక్టును మూడేళ్లు పొడిగించారు. నా చేతికి కాంట్రాక్టు వచ్చి పదిహేను రోజులైంది. శుక్రవారం లోగా సంతకం పెట్టాలి. దాన్ని సొరుగులో పెట్టి, నీతో రోజూ ఏం కూర వండావని మాట్లాడుతూ వచ్చాను. పెళ్లయిన ఆరేళ్లలో నీ దగ్గర దాచింది ఇదొక్కటే. దాచినందుకు సిగ్గుగా ఉంది.

నా పని నీకెప్పుడూ "పాత ఉత్తరాల పని"యే. అదేమిటో ఇవాళ విను. పద్దెనిమిదో శతాబ్దంలో అమెరికా తన దూతను ఇక్కడి ఒక రాజు దగ్గరికి పంపింది. రాజు ఆయన్ని దర్బారులో అడుగు పెట్టనివ్వలేదు. పాపం, భార్యతో సత్రంలో గది తీసుకుని ఎదురుచూస్తూ కూర్చున్నాడు. ఆయన రాచకార్యపు ఉత్తరాలూ, ఇంటి ఉత్తరాలూ అన్నీ మాకు దొరికాయి. ఆ చేతిరాతను చదవడం కంప్యూటరుకు నేర్పించేది నేనే. అప్పట్లో సముద్రం మీద శత్రువులు ఓడలను పట్టుకునేవాళ్లు. అందుకని ఒకే ఉత్తరాన్ని మూడు ప్రతులు రాసి మూడు ఓడల్లో పంపేవారు. ఏదో ఒకటి చేరకపోతుందా అని.

ఒక ఉత్తరంలో ఆయన "ఇక్కడ ఇక ఉండలేను, నన్ను వెనక్కి పిలిపించండి" అని వేడుకున్నాడు. అది ఆయన స్వయంగా రాసిన ప్రతి. ఆ ఓడ పట్టుబడింది, ఉత్తరం శత్రువుల కాగితాల్లో మిగిలిపోయింది. మూడోది ఏమైందో తెలియదు. రెండో ప్రతి క్షేమంగా అమెరికా చేరింది. అందులో ఆ వేడుకోలు లేదు! "ఎంతకాలమైనా ఇక్కడే వేచి ఉంటాను" అని ఉంది. రాత వేరు. ఎవరిదో తేల్చడానికి నాకు రెండు నెలలు పట్టింది. ఆయన భార్యది. ఆమె తన చెల్లెలికి ఇలా రాసుకుంది: "ఆయన వెళ్లిపోదామంటారు. నాకు ఇక్కడ నలుగురు మనుషులు ఏర్పడ్డారు, ఉండాలని ఉంది. నన్ను అడిగినవాళ్లు లేరు. కలం మాత్రం నా చేతికే ఇచ్చారు." అక్కడివాళ్లు తమకు అందిన ప్రతినే నమ్మి వాళ్లను మరో ఏడాదిన్నర ఉంచేశారు. ఆయనకు చివరిదాకా ఆ సంగతి తెలిసినట్టు లేదు.

నీ కలం కూడా ఆరేళ్లుగా నా చేతిలోనే ఉంది జితూ. నీ ఉద్యోగానికి అప్లికేషన్ నేను రాశాను. అన్‌మెల్డుంగ్ అనే చిరునామా నమోదు ఫారం నేను నింపాను. మీ అమ్మగారి పుట్టినరోజుకు నీ పేరుతో నేను రాసిన ఉత్తరం చదివి ఆవిడ ఏడ్చి, "నా కొడుకు ఎంత మంచిగ రాసిండు" అని వాడకట్టంతా చూపించారు. నవ్వొచ్చింది కానీ, లోపల ఎక్కడో చివుక్కుమంది.

అసలు సంగతి ఇది. నిన్న నీ ఫోను పెట్టేశాక నేనూ ఆమె చేసిన పనే చేయబోయాను. "అనివార్య కారణాల వల్ల మీ ఇల్లు తీసుకోలేము" అని ఓనరుకు నీ పేరుతో మంచి జర్మన్‌లో మెయిల్ రాశాను. నీ సంతకం నా కంప్యూటర్లోనే ఉంది. పంపితే ఇల్లు పోయేది. నువ్వు ఓనరును తిట్టుకునేవాడివి, నేను నిన్ను ఓదార్చేదాన్ని. చాలాసేపు దాని ముందు కూర్చుని చెరిపేశాను. ఆమెకు నోరు విప్పే దారి లేకపోయింది. నాకు ఉంది.

అందుకే నా పేరుతోనే చెబుతున్నాను. శుక్రవారం సంతకం పెడుతున్నాను. నిన్ను అడగడం లేదు, చెబుతున్నాను. ఓనరుకు ఏం రాస్తావో నువ్వే రాసుకో. ఇక నీ పేరుతో ఒక్క అక్షరం రాయను. నువ్వంటే నాకు ప్రేమ లేకపోతే ఆ మెయిలు పంపేసి ఊరుకునేదాన్ని.

నీ
ఆండాళ్


పాడర్‌బోర్న్,
మార్చి 7, శనివారం.

జితూ,

ఉత్తరం అందిందని నీ మౌనాన్ని బట్టే తెలుస్తోంది. రెండుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు. మూడోసారి చేయను.

నిన్న సంతకం పెట్టాను. బయటికొచ్చి ఒక్కదాన్నే కాఫీ తాగాను. ముందు నీకే చెప్పాలనిపించి ఏడుపొచ్చింది.

బుధవారం అత్తయ్యగారి పుట్టినరోజు. నేను రాయను. గుర్తు చేయడం మాత్రం మానలేకపోయాను.

ఆండాళ్


వోల్ఫ్స్‌బర్గ్,
మార్చి 12, గురువారం.

ఆండాళ్‌కు,

నాకు రాయడం రాదని నీకు తెలుసు. తప్పులుంటే సర్దుకో.

ఇది మూడో ప్రతి. మొదటిది మంగళవారం పొద్దున రాశాను. "వస్తే రా, లేకుంటే నీ ఇష్టం" అని ఇంకా చాలా రాసి, కోపం మీద పోస్టులో వేసేశాను. రెండోది నిన్న పొద్దున. అందులో బతిమాలాను. అదీ వేశాను. ఈ రెంటికీ మధ్య ఏం జరిగిందో రెండోదాంట్లో రాయడానికి నాకు ముఖం చెల్లలేదు.

మా టీమ్‌లో ఒకాయన రిటైరయ్యాడు. మంగళవారం మధ్యాహ్నం ఆయన వీడ్కోలులో నేను స్పీచ్ చదివాను, నువ్వు పోయిన నెల రాసిచ్చిందే. అందరూ చప్పట్లు కొట్టారు. మేనేజర్ "నీ రాత బాగుంటుంది" అన్నాడు. ఎప్పుడూ థాంక్స్ అనేవాణ్ని. ఆ రోజు నోటికి రాలేదు. నా భార్య రాసిందని చెప్పాను. "ఆమె ఏం చేస్తుంది?" అన్నాడు. పాత ఉత్తరాల పని అన్నాను. "ఎవరి ఉత్తరాలు?" అన్నాడు. జేబులో నీ ఉత్తరం ఉంది కాబట్టి బతికిపోయాను. అది అంతకు నాలుగు రోజుల ముందు వచ్చి ఉండకపోతే ఏం చెప్పేవాణ్నో తెలియదు ఆండాళ్. ఆరేళ్లు నీతో కాపురం చేసి, ఎవరి ఉత్తరాలని ఒక్కసారి అడగలేదు.

నిన్న అమ్మకు నేనే రాశాను. నాలుగు లైన్లు, ఫొటో తీసి పంపాను. వెంటనే ఫోన్ చేసి "పానం బాగలేదా బిడ్డా, గింతనే రాసినవ్?" అంది. అన్నీ చెప్పాను. అంతా విని "కోడలికి ఫోన్ ఇయ్యి" అంది. నువ్వు పక్కన లేవని అప్పుడు బాగా తెలిసొచ్చింది.

ఇవాళ ఓనరుకు ఇల్లు వద్దని రాశాను. నా జర్మన్‌లోనే. కాపీ ఇందులో పెట్టాను, దిద్దకు. ఇక్కడ నా సింగిల్ రూమే ఉంచుకుంటాను. సోమ, శుక్రవారాలు ఇంటి నుంచి పని చేసుకోమని మేనేజర్ ఒప్పుకున్నాడు. వచ్చే వారం నుంచి ప్రతి గురువారం ఆఫీసు కాగానే రైలెక్కుతాను. నన్ను దర్బారులోకి రానిస్తావో, సత్రం చూసుకోమంటావో నీ ఇష్టం. కాంట్రాక్టు సంగతి దాచినందుకు కోపం ఇంకా ఉంది. అది వచ్చాక పోట్లాడుకుందాం.

మా ఆఫీసు భావన రేపు పొద్దున పాడర్‌బోర్న్ వస్తోంది. ఈ కవరు తన చేతికే ఇస్తున్నాను. మిగతా రెండు పోస్టులో నెమ్మదిగా వస్తాయి. అవి ఎప్పుడొచ్చినా సరే, నువ్వు ముందు అందిన ఈ ప్రతినే నమ్ము.

నీ
జితేంద్ర