మా ఆయన దగ్గరకు ముందువైపు నుంచి రావలసిందిగా

కాట్నర్ కౌంటీ షెరీఫ్ గార్త్ నిల్సెన్ గారి సముఖానికి,
ఆల్డర్ ఫోర్క్, మోంటానా.

ఏప్రిల్ 13, ఆదివారం.

విషయం: నా భర్త ఎల్డన్ టోల్‌స్టాడ్ నడుముకు కనిపించే పిస్తోలు గురించి, ఆయనకు వినిపించని చెవుల గురించి, తమ సిబ్బంది ఆయన దగ్గరకు ఏ వైపు నుంచి రావాలన్న దాని గురించి.

అయ్యా,

ఈ ఉదయం తడిమంచు పడింది. పదింటికల్లా అది వానగా మారింది. తెల్లవారినప్పటి నుంచి ఆరు గొర్రెలు ఈనాయి. వాటిలో రెండు కవలల్ని ఈనాయి. ఒక పిల్ల దక్కలేదు. ఎల్డన్ ఇంకా కొట్టంలోనే ఉన్నాడు. నాకు గంట తీరిక దొరికింది కాబట్టి, ఈ కౌంటీలో నలభై నాలుగేళ్లుగా గొర్రెలు పెంచుకుంటున్న ఆర్డిస్ టోల్‌స్టాడ్ అనే నేను తమకు మనవి చేసుకునేది ఏమనగా:

1. నా భర్త వయసు డెబ్బై ఆరు. మార్చిలో మొదటి పిల్ల పుట్టిన రోజు నుంచి మే నెలలో ఉన్ని కత్తిరింపు అయ్యేదాకా ఆయన నడుముకు పిస్తోలు ఉంటుంది. అది నక్కల కోసం. మనుషుల మీద ఆయనకు కోపం వచ్చిన సందర్భం నేనెరిగి ఒకటే ఉంది. అది కూడా ట్రాక్టరు అమ్మినవాడి మీద.

2. సదరు పిస్తోలును ఊళ్లోకి వచ్చేముందు తీసి ఇంట్లో పెట్టవచ్చు కదా అని తమరు అడగవచ్చు. నేనూ అడిగాను. ఆయనకు అది బూట్లలాగే అయిపోయింది, ఒంటిమీద ఉన్నట్టు తెలియదు. అందుకని ట్రక్కు అద్దం మీద "పిస్తోలు?" అని రాసి అంటించాను. ఆయన ఆ కాగితం చదివి, నడుము తడుముకుని, ఉందని నిశ్చయం చేసుకుని బయల్దేరుతున్నాడు.

3. ఆయనకు రెండు చెవులూ వినపడవు. చెవిలో పెట్టుకునే చిన్న మిషన్లు రెండు జతలు కొన్నాం. గొర్రెకు కాన్పు చేస్తూ వంగినప్పుడు ఒక జత గడ్డిలో పడిపోయింది. రెండో జతలో ఒకదాన్ని గొర్రె తిన్నది. అందువల్ల ఇప్పుడు సిగరెట్ పెట్టెంత ఉండే పాతరకం మిషను వాడుతున్నాడు. దాని తీగలు చెవుల్లోకి పోతాయి, పెట్టె బెల్టుకు ఉంటుంది. ఎవరైనా తనతో మాట్లాడుతున్నట్టు అనిపిస్తే దాని మీది చక్రం తిప్పి శబ్దం పెంచుకుంటాడు.

సదరు పెట్టె కుడివైపు ఉంటుంది. పిస్తోలు కూడా కుడివైపే ఉంటుంది. ఎడమ భుజాన్ని పద్నాలుగేళ్ల కిందట ఒక పొట్టేలు పొడిచింది. అప్పటి నుంచి ఆ చెయ్యి వెనక్కి పోదు. ఈ మూడు సంగతులూ తమ రికార్డుల్లో నమోదు చేయించవలసిందిగా ప్రార్థన.

4. ఊళ్లో అయోన్ నడిపిన హోటలు తమకు గుర్తుండే ఉంటుంది. తలుపు లోపల ఎడమ పక్కన పెద్ద దుప్పి కొమ్ములు ఉండేవి. వచ్చినవాళ్లు టోపీ ఒక కొనకు, పిస్తోలు బెల్టు ఇంకో కొనకు తగిలించి బల్ల దగ్గర కూర్చునేవాళ్లు. అలా చేయమని ఎక్కడా రాసిలేదు. ఆయుధంతో తిండి దగ్గర కూర్చుంటే అయోన్ కాఫీ పోసేది కాదు, అంతే. తమరు డిప్యూటీగా ఉన్న రోజుల్లో ఎడమ నుంచి మూడో కొన తమరిదే. ఒకసారి తొందరలో ఎల్డన్ బెల్టు కట్టుకుని వెళ్లిపోయి రెండు రోజుల తర్వాత తెచ్చి ఇచ్చారు. దాని గురించి ఎవరూ ఎవరికీ ఫోన్ చేయలేదు.

అయోన్ పోయాక సియాటిల్ నుంచి వచ్చిన మెరిడిత్ ఆ హోటలు కొనుక్కుంది. మంచి మనిషి. పాన్‌కేకులు అయోన్ చేసినవాటికన్నా బాగుంటాయి. ఈ మాట అయోన్ సమాధి దగ్గర నేను అనను. అయితే పిల్లలు తిరిగే చోట గోడకు పిస్తోళ్లు వేలాడితే బీమా ఇవ్వబోమని కంపెనీవాళ్లు మెరిడిత్‌తో చెప్పారట. ఆమె కొమ్ములు పీకించి, "ఇక్కడ ఆయుధాలు వదిలి వెళ్లరాదు" అని బోర్డు పెట్టింది. మనవాళ్లు బోర్డును గౌరవించారు. వదలకుండా నడుముకే ఉంచుకుని బల్లల దగ్గర కూర్చుంటున్నారు.

5. చెరువు పక్కన అద్దె ఇళ్లలో దిగేవాళ్లు అది చూసి తమ కార్యాలయానికి ఫోన్ చేస్తున్నారు. జనవరి నుంచి పదకొండు సార్లు చేశారని మెరిడిత్ చెప్పింది.

6. ఏప్రిల్ 3, గురువారం, పదకొండు ఇరవైకి జరిగినది ఈ దిగువ మనవి చేస్తున్నాను.

తల్లిలేని పిల్లలకు పాలపొడి కొనడానికి ఇద్దరం ఊళ్లోకి వచ్చాం. హోటల్లో ఎల్డన్ తలుపుకు వీపు పెట్టి కూర్చుని తింటున్నాడు. నేను చేతులు కడుక్కోవడానికి వెనక్కి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి జనం బల్లల కింద ఉన్నారు. గుమ్మంలో తమ డిప్యూటీ డేరిన్ ఓస్టర్ రెండు చేతులతో పిస్తోలు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"చేతులు పైకెత్తు! నీకే చెప్పేది!" అని అరుస్తున్నాడు.

ఎల్డన్ పాన్‌కేకు మీద ఇంకాస్త పాకం పోసుకున్నాడు.

ఎదురుగా మెరిడిత్ నోరు తెరిచి, కళ్లు పెద్దవి చేసి నిలబడింది. ఆమె తనను ఏదో అడుగుతోందనుకున్నాడు. మర్యాదస్థుడు కాబట్టి చెంచా కింద పెట్టి, శబ్దం పెంచుకోవడానికి చెయ్యి నడుము దగ్గరకు తీసుకెళ్లాడు.

"చెయ్యి తియ్యి! తియ్యి చెయ్యి!" అని డేరిన్ ఇంకా గట్టిగా అరిచాడు.

బల్ల కింద నుంచి గోధుమల రైతు రోలీ ష్మిట్ అరిచాడు: "ఒరేయ్ డేరిన్, ఆయనకు చెవుడురా! నువ్వెంత అరిస్తే ఆ చెయ్యి అంత కిందికి పోతుంది. నోరుముయ్యరా బాబూ!"

నేను కుడి చెయ్యి పైకెత్తి, అరచెయ్యి ముందుకు చూపించాను. మా కుక్క టక్‌ను మంద దగ్గర ఆపడానికి అలా చూపిస్తాం. పన్నెండేళ్లుగా ఎల్డన్ రోజూ చూస్తున్న సైగ అది. నన్ను చూసి ఆగిపోయాడు. చెయ్యి పెట్టెకు రెండంగుళాల దూరంలో ఉంది. పిస్తోలుకు కూడా రెండంగుళాలే.

తర్వాత డేరిన్ పిస్తోలు ఒరలో పెట్టి కుర్చీలో కూర్చున్నాడు. మెరిడిత్ మంచినీళ్లు తెచ్చింది. అతను హోటలు చీటీ మీద "మీరు చట్టం మీరలేదు. క్షమించండి" అని రాసి ఎల్డన్‌కు ఇచ్చాడు. ఎల్డన్ కళ్లజోడు పెట్టుకుని చదివి, దాని కిందే "కాఫీ చల్లారింది" అని రాసి తిరిగి ఇచ్చాడు.

ఇంటికి వెళ్తుంటే ట్రక్కులో అడిగాడు: "ఆర్డీ, అంతమంది ముందు నాకు కుక్క సైగ చేశావేమిటి?"

"ఆగావు కదా."

"టక్ అయితే కూర్చుంటుంది కూడా. నేను అంత దూరం పోలేదు, చూశావా?" అన్నాడు.

రాత్రికి అన్నీ మామూలుగానే తిన్నాడు. నేను తినలేకపోయాను.

7. సదరు సంఘటనలో ఎవరిదీ తప్పు లేదని నా అభిప్రాయం. కనిపించేలా పిస్తోలు పెట్టుకోవడం మన రాష్ట్రంలో నేరం కాదు. కనిపించినప్పుడు భయపడి ఫోన్ చేయడం నేరం కాదు. ఫోన్ వస్తే రావడం డేరిన్ ఉద్యోగం. అందరూ చట్టప్రకారమే నడుచుకున్నారు. ఆ చట్టప్రకారమే మా ఆయన చచ్చిపోయి ఉండేవాడు.

8. దీని గురించి ఏప్రిల్ 8న బడి ఆటల హాల్లో సభ పెట్టారు. తమరు కుడివైపు గోడకు ఆనుకుని, ఏ వైపూ చూడకుండా నిలబడి ఉన్నారు. తుపాకీ హక్కులవాళ్లు ఎల్డన్‌ను వీరుడన్నారు, తలకు ఒక టోపీ పెట్టారు. చెరువు పక్కవాళ్లు ఎల్డన్ లాంటివాళ్ల వల్లే పిల్లల్ని హోటలుకు తీసుకురాలేకపోతున్నామన్నారు. వాళ్లలో ఒకామె మెత్తగానే అడిగింది: "నడుముకు తుపాకీ ఉన్న కొత్తమనిషి మంచివాడో కాదో మాకెలా తెలుస్తుందండీ?" రోలీ లేచి, "పాకం ఎంత పోసుకుంటాడో చూడండమ్మా, తెలుస్తుంది" అన్నాడు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది కానీ కూర్చోలేదు.

చివరికి మైకు ఎల్డన్‌కు ఇచ్చారు. సభ అయిపోయిందనుకుని, అందరికీ కృతజ్ఞతలు చెప్పి, టోపీ కుర్చీ మీద పెట్టి ఇంటికి వచ్చేశాడు. మా ఇద్దరికీ పక్షం లేదు. గొర్రెలున్నాయి.

9. కావున తమరు దయతో ఈ దిగువ ఏర్పాట్లు చేయించవలెనని కోరుతున్నాను.

అ) దుప్పి కొమ్ములు తిరిగి హోటలు గోడకు పెట్టించాలి. అవి చెత్తబండిలో పోకుండా నేనే తెచ్చాను. ప్రస్తుతం మా వంటింటి తలుపు పక్కన ఉన్నాయి. వాటి కింద తాళం వేసే ఇనప్పెట్టె పెడితే బీమావాళ్లు ఒప్పుకుంటారని మెరిడిత్ అంటోంది. పెట్టె రోలీ చేసి ఇస్తానన్నాడు. తాళంచెవి మెరిడిత్ దగ్గర ఉండాలి. ఆమెను అయోన్ అంత కఠినంగా ఉండమని నేను చెప్పుకుంటాను.

ఆ) తమ సిబ్బంది ఎల్డన్ దగ్గరకు ఎప్పుడు వచ్చినా ముందువైపు నుంచి, ఆయన చూస్తుండగా రావాలి. అరవకూడదు. కుడి చెయ్యి పైకెత్తి అరచెయ్యి చూపితే ఆగుతాడు. ఈ సైగ నేర్చుకోవడానికి అరనిమిషం చాలు. టక్ నాలుగు నెలల వయసులో నేర్చుకుంది.

పైన రాసినది నిజమని, కొంత తగ్గించే రాశానని ధ్రువీకరిస్తున్నాను. తమరు చిత్తగించవలెను, చిత్తగించాక సొరుగులో పెట్టకుండా డిప్యూటీలు కాఫీ కాచుకునే చోట గోడకు అంటించవలెను.

తమ విధేయురాలు, వచ్చే షెరీఫ్ ఎన్నికల దాకా,
ఆర్డిస్ టోల్‌స్టాడ్

తాజా కలం: ఏప్రిల్ 14, సోమవారం, ఉదయం ఏడున్నర.

గార్త్, ఇది నిన్ననే తపాలాలో వేద్దామని కవరు అంటించాను. ఇప్పుడు చింపి, ఇది కింద చేర్చి, కాగితాలు ఫొటో తీసి కంప్యూటరులో పంపుతున్నాను. నెమ్మదిగా చదవకు.

నిన్న నాలుగింటికి మీ డేరిన్ మా ఇంటికి వచ్చాడు. ఉద్యోగం బట్టలు కావు, మామూలు బట్టలే. గుమ్మంలో నిలబడి, "అమ్మా, ఆ రోజు నుంచి నాకు నిద్ర పట్టడం లేదు. పెద్దాయనను ఒకసారి చూసి వెళ్దామని వచ్చాను" అన్నాడు. లోపలికి రమ్మన్నాను. కొమ్ముల్ని చూసి, నేనేమీ చెప్పకుండానే పిస్తోలు బెల్టు తీసి ఒక కొనకు తగిలించాడు. ఎడమ నుంచి మూడో కొనకు.

అంతలో ఎల్డన్ కొట్టంలోంచి చెయ్యి ఊపాడు. ఒక గొర్రెకు పిల్ల అడ్డం తిరిగింది. ఎల్డన్ చెయ్యి లావు, డేరిన్ చెయ్యి సన్నం. మీవాడు చొక్కా తీసి మోచేతి దాకా పెట్టి గంటసేపు ఆ బురదలో పడుకున్నాడు. పిల్ల బతికింది. ఎల్డన్ అతని భుజం తట్టి, "అరవకుండా బాగానే పని చేస్తావే" అన్నాడు. అరచెయ్యి సైగ కూడా నేర్పాను. టక్ మీద రెండుసార్లు చేసి చూసుకున్నాడు. తర్వాత అతని భార్య ఫోన్ చేసి భోజనం చల్లారుతోందంది. ఒంటినిండా మురికితో, నవ్వు మొహంతో, ఆరూ పదికి వెళ్లిపోయాడు.

బెల్టు కొమ్ములకే ఉండిపోయింది. మా ఆయన పిస్తోలు పెట్టుకున్న సంగతి మరిచిపోతాడు, మీవాడు పెట్టుకోని సంగతి మరిచిపోయాడు.

ఈ ఉదయం నేను కోళ్ల దగ్గర ఉండగా ఎల్డన్ అది చూశాడు. బల్ల మీద చీటీ రాసి పెట్టాడు: "కుర్రాడికి మాట వస్తుంది. ఆఫీసు దగ్గర అతనికి ఇచ్చేసి వస్తాను." నేను లోపలికి వచ్చేసరికి ట్రక్కు కదులుతోంది.

మీ ఆఫీసుకు ఫోన్ చేశాను. ఎనిమిది దాకా ఎవరూ ఉండరని, ఆపద అయితే ఒకటి నొక్కమని రికార్డు గొంతు చెప్పింది. ఒకటి నొక్కితే రెండు కార్లు బయల్దేరతాయని నాకు తెలుసు. నొక్కలేదు. డేరిన్ నంబరు నా దగ్గర లేదు. నీ దగ్గర ఉంటుంది.

ఎల్డన్ చెవి మిషను ఇక్కడే, చీటీ పక్కన ఉంది. ఎవరైనా పలకరిస్తే అలవాటుకొద్దీ చెయ్యి మాత్రం నడుము దగ్గరకే పోతుంది.

ఆకుపచ్చ ట్రక్కు. నడుముకు ఒక పిస్తోలు, పక్క సీటు మీద ఇంకొకటి. ఏడూ పదిహేనుకు బయల్దేరాడు. గేటు దాకా పరిగెత్తి పిలిచాను. నేను వెనకవైపు ఉన్నాను.