రమణి మేడం చెప్పిన తోకచుక్క దుమ్ము

అశోక్‌నగర్,
హైదరాబాద్.

పద్మక్కకు నీ చెల్లె సరిత దండం పెట్టి రాస్తున్న. నేను బాగున్న. నువ్వు, బావ, పిల్లలు అందరు మంచిగున్నరు గదా? పెద్దమ్మ మోకాళ్ళ నొప్పులు జర తగ్గినయా? ఇక్కడ ముసురు పట్టి వారం దాటింది. బట్టలు ఆరుతలేవు, రూమంత తడి వాసన. అయినా నాకు జలుబు లేదు, జ్వరం లేదు. తింటున్న, పంటున్న, చదువుతున్న. నా గురించి ఫికర్ చెయ్యకు.

చిక్కడపల్లిల అంత మంచి ఇల్లు ఇడిచిపెట్టి హాస్టల్‌కు ఎందుకు పోయినవే అని మొన్న ఫోన్ల అడిగినవు. క్లాసులకు దగ్గరుంటదని చెప్పిన. అది అబద్ధం అక్కా. ఫోన్ల చెప్తే నువ్వు అక్కడ ఏడుస్తవు. అందుకే కాగితం మీద పెడుతున్న. బావకు చెప్పాల్నో వద్దో నువ్వే చూసుకో.

ఆ ఇల్లు ఎట్ల దొరికిందో నీకు తెలుసు. నేను చదివే కోచింగ్ సెంటర్ మురళి సార్‌దే. సార్ వాళ్ళక్కకు కండ్లు కనపడవు, ఇంగ్లీషు చదివి వినిపించే ఆడపిల్ల కావాలె, తిండి, ఉండుడు ఇంట్లనే అన్నడు. నాకది దేవుడిచ్చినట్టే అనిపించింది. వాళ్ళ తాత కాలంల గుడివాడ దిక్కు నుంచి వచ్చినోళ్ళు. ఇన్నేండ్లయినా ఇంట్ల అంత అక్కడి మాటనే. నేను "ఏంది మేడం" అంటే మురళి సార్ తల్లి "ఏంది కాదమ్మా, ఏమిటీ అనాలి" అని దిద్దేది. పప్పుల చింతపండు ఎక్కువ, పొద్దుగాల పెసరట్టు. నాకు కూడ అలవాటైంది.

సార్ వాళ్ళక్క రమణి మేడం గురించి నీకు సరిగ్గ ఎన్నడు చెప్పలే. పెండ్లి చేసుకోలే. చానా ఏండ్లు బయటి దేశంల ల్యాబుల పనిచేసింది. కంటి వెనక పొర కొంచెం కొంచెంగ చచ్చిపోయే జబ్బు వచ్చి, మైక్రోస్కోపుల ఏం కనపడకుంటయినంక ఇంటికొచ్చింది. ఇప్పుడు వెలుతురు ఉందా లేదా అన్నదే తెలుస్తది. మనిషి ఎదురుంగ నిలబడితే నీడ లెక్క. ఆ ల్యాబుల ఆమె చూసింది తోకచుక్క దుమ్ము. "జీవితమంతా దుమ్ము చూసింది, ఇప్పుడు ఇంట్లో దుమ్ము దులపడానికి కూడా పనికిరాదు" అని తల్లి వచ్చినోళ్ళందరి ముందట అనేది. అందరు నవ్వేటోళ్ళు. మేడం కూడ నవ్వేది. ముందుగాల నాకు అది అలవాటు నవ్వనే అనిపించింది. చానా రోజులకు తెలిసింది, ఆమె నవ్వకుంటే తల్లి అదే మాట ఇంకోసారి అంటదని.

నేను చదువుడు ఆపినప్పుడల్లా ఆమె నాకు ఆ దుమ్ము గురించి చెప్పేది. ఒక అంతరిక్ష నౌకను తోకచుక్క చుట్టున్న దుమ్ముల నుంచి పోనిచ్చిండ్రట. దానికి ఒక పలక బిగించిండ్రు. గట్టిపడ్డ పొగలాంటి గాజు అది, చేతుల పెట్టుకుంటే బరువే తెల్వదట. తుపాకి గుండు కన్న వేగంగ వచ్చిన రేణువులు ఆ గాజుల క్యారెట్ ఆకారంల బొక్కలు చేసుకుంట పోయి లోపట ఆగినయి. ఆ పలకను డబ్బాల పెట్టి భూమి మీదికి దించిండ్రు. ఒక్కొక్క రేణువు మన వెంట్రుక మందం కూడ ఉండదు. దాన్ని మళ్ళ పొరలు పొరలుగ కోసి చూసుడే ఆమె పని.

అప్పటిదాక అందరి నమ్మకం ఒక్కటే. తోకచుక్కలు సూర్యునికి చానా దూరంల, గడ్డకట్టే చలిల పుట్టినయి గాబట్టి, వాటి దుమ్ము ఎన్నడు వేడి చూడలేదని. సూర్యుడు పుట్టకముందు వేరే నక్షత్రాల నుంచి వచ్చిన దుమ్మే అందుల నిండ ఉంటదని. మేడం థీసిస్ అంత దాని మీదనే రాసుకున్నది. తీరా కోసి చూస్తే, కొలిమి లాంటి వేడిల, సూర్యుని దగ్గరనే తయారయ్యే రాళ్ళ తునకలు కనపడ్డయి. నక్షత్రాల దుమ్ము ఎక్కడో ఒకటి అరా. అంటే సూర్యుడు పసిపిల్లోడిగ ఉన్నప్పుడు చుట్టున్న పదార్థం ఎక్కడిదక్కడ నిలవలేదు అక్కా. లోపటిది బయటి అంచు దాక పోయి, అక్కడి మంచుతోని కలిసింది. ఆ కలిసిందాంట్లకెల్లే తోకచుక్క అయింది.

నేనైతే మీకు బాధ కాలేదా మేడం అని అడిగిన. ల్యాబు దుమ్మేమో అంటుకుందని ముందుగాల అనుమానపడ్డదట. మళ్ళ కోసింది, మళ్ళ చూసింది. ఇంక అనుమానానికి జాగ లేదని తేలినంక, ఆ పొద్దే తన పెద్దసారు దగ్గరికి పోయి నేను రాసింది తప్పని చెప్పి వచ్చిందట. "కళ్ళెదుట ఉన్నదాన్ని ఒప్పుకోవడానికి మర్నాటి దాకా ఆగకూడదు సరితా" అన్నది. నాకు ఆమె మీద గౌరవం అక్కడ పుట్టింది.

ఎండాకాలం పోయినంక మురళి సార్ ఒకనాడు, అక్కా, మా సెంటర్ పిల్లలకు నువ్వు ఆ తోకచుక్క దుమ్ము గురించి చెప్పాలి, నారాయణగూడలో ఒక స్కూలు హాలు మాట్లాడాను అన్నడు. ఆమె మొఖం చూడాల్సుండె నువ్వు. ఇన్నేండ్లల ఇంట్లోళ్ళు ఆమె పని గురించి అడిగిందే లేదు. నన్ను తీస్కొని సుల్తాన్ బజార్ పోయింది, చీరెకు సరిపోయే జాకెట్ గుడ్డ కోసం. దుకాణంల గుడ్డను వేళ్ళతోని తడుముకుంట, ఇది పసుపా, ఆవపిండి రంగా అని నన్ను మళ్ళ మళ్ళ అడిగింది. రోజూ పొద్దుగాల ఏం చెప్పాల్నో నాకు చెప్పి చూసుకునేది. కష్టమైన మాట వచ్చినకాడ ఆగి, ఇది గ్రూప్స్ పిల్లలకు అర్థమవుతుందా అనేది.

ఆ దినం మస్తు వాన. హాలు పై అంతస్తుల, రేకుల కప్పు, చినుకులు పడుతుంటే మైకు పెద్దగ పెట్టిండ్రు. పిల్లలతోని కుర్చీలన్ని నిండినయి. మేడం లేచి నమస్కారం పెట్టింది, ఫోటోలు తీసిండ్రు. మురళి సార్ పక్కన నిలబడి నవ్వి ఫోటో దిగిండు. ఆమె మొదలుపెట్టినంక జర సేపటికి, ఆమె గాజు పలక గురించి చెప్తుంటే, సార్ వెనక తలుపు కాడ నిలబడి చెయ్యి ఊపిండు. ఒక్కో వరుస లేచి బయటికి పోయింది. కింద ర్యాంకులొచ్చినోళ్ళకు సన్మానం, టిఫిన్లు. వాన చప్పుడుల ఆమెకేం వినపడలే. మొఖానికి లైటు కొడుతున్నది, నీడలు కూడ తెల్వవు.

నేను తలుపు కాడికి ఉరికిన. సార్ నెమ్మదిగ, "ఏమీ చెప్పకు. చెప్పుకోనీ, దాని సంతోషం దానిది" అన్నడు. అని కిందికి దిగిపోయిండు.

అక్కా, ఆమె ఖాళీ కుర్చీలకు చెప్తున్నది. చెయ్యి తిప్పుకుంట, లోపటిది బయటికి ఎట్ల పోయిందో చూపిస్తున్నది. ఎడమ దిక్కు చూసి ఒకసారి, కుడి దిక్కు చూసి ఒకసారి. జోకు చెప్పి, పిల్లలు నవ్వేదాక ఆగింది. ఆ ఆగినప్పుడు నాతోని కాలే. పోయి చెయ్యి పట్టుకున్న. మేడం, హాల్ల ఎవ్వరు లేరు అన్న.

ఆమె మైకు మీద అరచెయ్యి పెట్టింది. "ఎప్పటి నుంచి?" అని అడిగింది. గాజు పలక గురించి చెప్పినప్పటి సంది అని చెప్పిన. ఇంటికి తీస్కపో అన్నది. ఆటోల చిక్కడపల్లి వచ్చినం. కొత్త చీరె అంచు బురదల తడుస్తుంటే పైకి లేపుకోలే.

సార్ ఇంటికొచ్చినంక ఆమె సీదా అడిగింది, పిల్లలు వెళ్ళిపోయారటగా అని. సార్ రెప్ప గూడ కొట్టలే. ఎవరన్నారు, హాలు నిండా ఉన్నారు, అంత నిశ్శబ్దంగా విన్నారు, ఈ పిల్లకు నువ్వు తన మాటే వినాలని ఆశ, అందుకే మధ్యలో లాక్కొచ్చింది అన్నడు. తల్లి వెంటనే అందుకున్నది. ఊరుగాని ఊరి పిల్లను ఇంట్లో పెట్టుకుంటే ఇంతే అన్నది. నేను దేవుని మీద ఒట్టేసిన. మేడం నా దిక్కు మొఖం తిప్పింది. నాకైతే నమ్మకముండె. రేణువును కోసి కోసి చూసిన మనిషి గదా, నిజం ఏందో పట్టుకుంటదని.

"సరితా, రేపు పొద్దున్నే నీ సామాను సర్దుకో" అన్నది.

తెల్లారి వానలనే బ్యాగు పట్టుకొని అశోక్‌నగర్ వచ్చిన. ఎవ్వరు గేటు దాక రాలే. సార్ నన్ను క్లాసుల నుంచి తీసేయలే, అది మంచితనం కాదు. తీసేస్తే నలుగురు ఎందుకని అడుగుతరు గదా. క్లాసుల నన్ను లేపి, కళ్ళున్నవాళ్ళు కూడా అన్నీ సరిగ్గా చూడరు అని అందరిని నవ్విస్తున్నడు. నేను కూసుంటున్న, రాసుకుంటున్న. ఆ నవ్విన పిల్లలే కుర్చీలల్లకెల్లి లేచిపోయినోళ్ళు. ఒక్కరన్న నోరు తెరిచి, అవును మేము లేచిపోయినం అనలే. ఆ దినం తీసిన ఫోటోతోని సెంటరోళ్ళు చౌరస్తాల ఫ్లెక్సీ కట్టిండ్రు, మేడం నమస్కారం పెడుతున్నది, ముందట కుర్చీల నిండ పిల్లలు.

ఇక్కడి తిండి అడగకు. సాంబార్ల నీళ్ళే, అన్నం పలుకు. రూముల నలుగురం, ఒకరి అలారం ఇంకొకరిని లేపుతది. సాయంత్రం లైబ్రరీ కాడ మన దిక్కు పిల్లలు కనపడితే జర పానం నిమ్మలమైతది. వీలైతే నువ్వుల కారం, మామిడికాయ తొక్కు బస్సుల పంపు. శాలువ గూడ మర్చిపోకు.

పోయిన వారం ఇంకొకటి అయింది. సెంటర్ల పై అంతస్తుల మేడం మాట్లాడుతదని విన్న. ఉండబట్టలేక మెట్లెక్కి తలుపు కాడ నిలబడ్డ. హాల్ల ఎవ్వరు లేరు. ఒక కెమెరా, తీసేటాయన, మేడంకు చదివి వినిపించనీకి కొత్తగ పెట్టుకున్న పిల్ల. సెంటర్ వీడియోలకట. చెప్పుడు ఆగినకాడల్లా ఆ పిల్ల ఫోన్ల చప్పట్లు పెడుతున్నది. మేడం ప్రతిసారి తల వంచి నమస్కారం పెడుతున్నది. సుల్తాన్ బజార్ల కొన్న జాకెటే ఏసుకున్నది.

ప్రశ్నలేమైనా ఉన్నాయా అని అడిగింది. ఆ పిల్లకు ఫోన్ల ప్రశ్నలు లేవు. కెమెరా ఆయన వాచి చూసుకుంటున్నడు. నేను తలుపు కాడికెల్లే అడిగిన. ఆ వేడిల తయారైన రాళ్ళ తునకలు సూర్యుని దగ్గరికెల్లి అంత దూరం ఎట్ల పోయినయి మేడం?

ఆమె తలుపు దిక్కు తల తిప్పింది. తర్వాత మంచిగ చెప్పింది. పసి సూర్యుని గాలి పైకెత్తి విసిరిందని కొందరంటరట, చుట్టు తిరిగే పదార్థమే మెల్లమెల్లగ చిలికి అంచుకు నెట్టిందని కొందరంటరట. "ఎలా వెళ్ళాయన్నది ఇంకా తేలలేదు. వెళ్ళాయన్నది మాత్రం ఖాయం" అన్నది.

కెమెరా సర్దుకుంటుంటే దగ్గరికి పోయిన. నేను నోరు తెరవకముందే నా చెయ్యి తడిమి పట్టుకుంది.

"ఆ రోజు నువ్వు చెప్పింది నిజమని నాకు తెలుసు. జోకుకి ఎవరూ నవ్వకపోతేనే తెలిసింది" అన్నది.

మరి నన్నెందుకు పంపించిండ్రు మేడం అన్న.

"నువ్వు హాస్టల్‌కి వెళ్ళగలవు సరితా. నేను ఆ ఇంట్లోనే ఉండాలి. ఇకమీదట రాకు."

చెయ్యి ఇడిచిపెట్టి, కొత్త పిల్లను పిలిచి, ఇవ్వాళ ఎంతమంది వచ్చారమ్మా అని అడిగింది. నేనక్కడ ఉండంగనే అడిగింది. ఆ పిల్ల నన్ను చూసి, తల వంచుకొని, హాలు నిండా ఉన్నారండీ అన్నది. మేడం సంతోషం అన్నది.

నేను దిగి వచ్చిన. ఏడువలే అక్కా, నువ్వు నమ్ము. ఆ పూట మెస్సుల తిన్న గూడ. పరీక్ష అయ్యేదాక ఇక్కడనే ఉంట, మధ్యల రాను. నన్ను తీస్కపోనీకి బావను తోలకు.

పెద్దమ్మకు, బావకు నా దండాలు చెప్పు. పిల్లలకు ముద్దులు. పాస్ కావాలని నువ్వు మనసుల ఒక్క మాట అనుకో, అదే నాకు దీవెన. ఇందుల ఎక్కువ తక్కువ రాసి ఉంటే చిన్నదాన్నని మన్నించు.

నీ చెల్లె
సరిత