ఖాళీగా ఉంచిన ఫార్వర్డ్ చోటు

బావా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. పదేళ్లలో ఏడు క్లబ్బులు మారి, కలకత్తాలో, గోవాలో ఎవరు పిలిస్తే వాళ్లకి ఫుట్‌బాల్‌లో ఫార్వర్డ్‌గా ఆడిన నిన్ను మన ఉద్దానం కిడ్నీ జబ్బే ఆపేసింది.

సాయంత్రం అక్కుపల్లి బీచ్ ఇసుకలో మనవాళ్లు పదకొండుకి పదిమందే ఆడారు. పోయినవాడి చోటు పడవలో ఏడాదిపాటు వదిలేసినట్టే, నీ చోటూ వదిలేసి, ఆ ఖాళీలోకే బంతి పాస్ చేస్తున్నారు. నాకు ఒళ్లు మండింది.

"సచ్చినోడికి పాసులేట్రా? ఈ జబ్బు పోడానికి మంచినీళ్లియ్యమని ధర్నాకి రమ్మంటే ఒక్కడూ రాడు" అని తిట్టి, వెళ్లి నీ చోట్లో నిలబడ్డాను.

"అక్కడ కాదు మావా, అన్న ఇంకో నాలుగడుగులు ముందుండేవోడు" అంటూ కెప్టెన్ బంతిని నన్ను దాటించి కొట్టాడు.

సముద్రం వైపు వాలిన ఆ ఇసుకలో ఏ బంతీ నిలవదు. అది సరిగ్గా ఆ నాలుగడుగుల అవతల నిలిచింది, ఎవరో కాలితో ఆపినట్టు. కారణం ఏదో ఉండే ఉంటుంది, వెతుకుతాను. దాన్ని తన్నడానికి మాత్రం నాకు కాలు రాలేదు.