విషం అన్నందుకు

బావమరిదీ,

హాల్లో చెప్పులు లేకుండా నడవకు. నువ్వు నా తలకు గురిపెట్టి విసిరిన గాజు కూజా ముక్కలు సోఫా కింద ఇంకా ఉన్నాయి. నీ పిడికిలిని సబ్బుతో బాగా కడిగి డాక్టరుకు చూపించు. నా పన్ను దిగిన గాయం చీము పట్టగలదు. ఊడిన ఆ పన్ను సబ్బుపెట్టెలో ఉంది, చూసి భయపడకు.

మీ అక్కా నేనూ ఆ ఇంజెక్షన్ కోసమే ఆసుపత్రికి వెళ్తున్నాం.

"మా అక్కకి విషం పొడిపిస్తావా బావా? నీ పీక పిసికేస్తా!" అంటూ నిన్న నన్ను గోడకు అదిమావు. పిసికావు కూడా. తప్పు కొంత నాది. మందు అంటే సరిపోయేచోట, శాస్త్రానికి కట్టుబడి విషం అన్నాను. అది విషమే, అయితే మూత్రాశయపు గోడలో ఇరవై చోట్ల అతి కొద్దిగా పొడిస్తే, ఊరికే బిగుసుకుపోయి మూత్రం ఆపుకోనివ్వని కండరాన్ని కొన్ని నెలలపాటు సడలిస్తుంది. ఒక్కోసారి మూత్రం ఆగిపోయి గొట్టం వేయవలసి రావచ్చు. అది తెలిసే మీ అక్క సంతకం చేసింది.

నువ్వు టాక్సీ కొన్న నాటినుంచి మీ అక్క అందులో ఒక్కసారీ ఎక్కలేదని ఆమెతో సరిగా మాట్లాడవు. సీటు తడిపేస్తానేమోనన్న సిగ్గుతో ఎక్కలేదు.

నాలుగింటికి ఆసుపత్రి గేటు దగ్గరికి రా.

— బావ

మరిచాను: మందు పట్టడానికి వారమైనా పడుతుంది. సీటు మీద పాత దుప్పటి పరిచి తీసుకురా. అయినా ఈరోజే ఎక్కుతానని పట్టుబట్టింది.